సహజీవనం అంటున్నది ఎవరు?



ఈసారి కాస్త దూరం పోతున్నాను, ఓపిక పట్టండి. మా ఆదివారం చదువరుల గుంపులో (పదిహేను మందిమి, ఎక్కువ మంది ఎంఏ పిల్లలే) ఆక్టేవియా బట్లర్ నవల 'ఫ్లెడ్జ్‌లింగ్' చదవడానికి పెట్టినప్పటి నుంచి నాకు రెండు వైపులా మొట్టికాయలు పడుతున్నాయి. ఒకరు, 'రక్తం తాగే దయ్యాల కథలు మనకెందుకు మేడం, వేముల ఎల్లయ్య కక్క ఇంకా సగమే అయింది' అంటారు. ఇంకొకరు, 'నల్లజాతి ఆడమనిషి రాసిన పుస్తకాన్ని మీరే విమర్శిస్తే అవతలి వాళ్ళకు కర్ర ఇచ్చినట్టు కాదా' అంటారు. మొదటివాళ్ళకు జవాబు సులువు. కక్క ఎలాగూ చదువుతాం. రెండోవాళ్ళతోనే నాకు పేచీ.

ముందే చెప్పేస్తాను. ఈ నవలను రెండు రాత్రుల్లో చదివాను. మధ్యలో కాలేజీకి పోయి పాఠం చెప్పింది ఏమిటో గుర్తులేదు. అంత పట్టు ఉంది. ఆ పట్టే నన్ను ఇబ్బంది పెట్టింది. చెడ్డ పుస్తకం అయితే పక్కన పడేసి పడుకునేదాన్ని.

బట్లర్ ఎవరో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1947లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో పుట్టింది. తండ్రి బూట్లు పాలిష్ చేసేవాడు, ఆమె చిన్నప్పుడే పోయాడు. తల్లి తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిచేసి పెంచింది. ఆ ఇళ్ళకు తల్లి వెనక వాకిలి నుంచి పోవడం చూస్తూ పెరిగిన పిల్ల, సైన్స్ ఫిక్షన్ రాసి 1995లో మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ తెచ్చుకుంది. 1979లో వచ్చిన 'కిండ్రెడ్' ఆమెకు పేరు తెచ్చింది. అందులో డేనా అనే నల్లజాతి రచయిత్రి 1976 నుంచి బానిసత్వం నాటి మేరీలాండ్‌కు లాగబడుతుంది. తన వంశానికి మూలపురుషుడైన తెల్ల యజమానిని తనే పదే పదే బతికించాల్సి వస్తుంది. 'ఫ్లెడ్జ్‌లింగ్' 2005లో వచ్చింది. ఆమె చివరి నవల ఇదే. 2006 ఫిబ్రవరిలో ఆమె చనిపోయింది.

కథ ఇది. ఒక గుహలో, ఒళ్ళంతా కాలి, చూపు పోయి, ఏదీ గుర్తులేని ఒక ప్రాణి మేలుకుంటుంది. ఆకలి. చేతికి దొరికినదాన్ని చంపి తింటుంది. ఒళ్ళు మానిపోయాక బయటికి వచ్చి తిరుగుతూ ఉంటే కాలిపోయిన ఒక పల్లె కనిపిస్తుంది. అది తన పల్లే అని ఆమెకు తెలియదు. పేరు షోరి. చూడ్డానికి పదీ పదకొండేళ్ళ నల్లపిల్ల. నిజానికి 53 ఏళ్ళ వాంపైర్. వీళ్ళ జాతి పేరు ఇనా. దాదాపు అయిదు వందల ఏళ్ళు బతుకుతారు, పొడుగ్గా, సన్నగా, పాలిపోయిన తెలుపుతో ఉంటారు, పగలు మేలుకొని ఉండలేరు, ఎండ తగిలితే కాలిపోతారు. షోరి పెద్దమ్మలు మాత్రం నల్లజాతి మనిషి జన్యువులు కలిపి ఈమెను పుట్టించారు. నల్ల చర్మం కాబట్టి ఎండను తట్టుకుంటుంది, పగలు మేలుకొని ఉండగలదు. అందుకే ఆమె తల్లుల పల్లెను కాల్చేశారు. తర్వాత తండ్రీ అన్నల పల్లెనూ కాల్చేశారు. ఎందుకంటే మిశ్రమం. ఎందుకంటే రక్తం చెడింది.

ఈ మాటకు మనకు నిఘంటువు అక్కర్లేదు. మనువు చండాలుడి పుట్టుకను ఎలా లెక్కగట్టాడో మీకు తెలుసు, బ్రాహ్మణ స్త్రీకీ శూద్ర పురుషుడికీ పుట్టిన సంకరం అని. షోరిని చంపాలనుకున్న సిల్క్ కుటుంబం స్వయంగా కిరసనాయిలు డబ్బా పట్టుకోదు. మనుషులను కరిచి, లొంగదీసుకుని, వాళ్ళ చేత పగటిపూట తగలబెట్టిస్తుంది. ఈ పేజీల దగ్గర మా గుంపులో ఒక అమ్మాయి ఒకే మాట అంది, 'మిర్యాలగూడ' అని. 2018 సెప్టెంబరులో ప్రణయ్‌ను నరికిన చేతులు కూడా కిరాయి చేతులే కదా. రక్తం గురించి బాధపడేవాళ్ళు చేతికి రక్తం అంటకుండా చూసుకుంటారు.

నవల చివరి మూడో వంతు విచారణ. పదమూడు కుటుంబాల ప్రతినిధులు మూడు రాత్రులు కూర్చుంటారు. ఇనాలు అబద్ధాన్ని వాసన పట్టగలరు. ఆ పిల్లకు జ్ఞాపకం లేదు, సాక్షులు లేరు, ఆమె వాళ్ళు అందరూ చచ్చిపోయారు. అయినా ఆమె మాట చెల్లుతుంది. సిల్క్ కుటుంబాన్ని విడగొట్టి, కొడుకులను ఇతర కుటుంబాలకు పంచేస్తారు, ఆ వంశం అక్కడితో ఆఖరు. నాకు ఈ పేజీలు చదువుతుంటే గొంతులో ఏదో అడ్డం పడింది. చుండూరు 1991 ఆగస్టు 6న జరిగింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఇరవై మూడేళ్ళు సాక్ష్యం చెప్పినవాళ్ళు ఉన్న చోట న్యాయం రాలేదు. జ్ఞాపకమే లేని పిల్లకు మూడు రాత్రుల్లో వచ్చింది. అలాంటి కోర్టు ఎక్కడా లేదని తెలిసే చదువుతాం. తెలిసే రెండోసారి కూడా చదువుతాం.

ఇక్కడి దాకా నేను బట్లర్ మనిషినే. ఇక్కడి నుంచి గొడవ.

ఇనాలు రక్తం తాగే మనుషులను చంపరు. ఒక్కొక్క ఇనా దగ్గర ఏడెనిమిది మంది మనుషులు ఉంటారు, వాళ్ళను సింబయాంట్లు అంటారు. ఇనా ఉమ్మిలో ఒక విషం ఉంటుంది. కరిచినప్పుడు అది హాయిగా ఉంటుంది, మళ్ళీ మళ్ళీ కావాలనిపిస్తుంది. కొన్నాళ్ళకు అది లేకపోతే ఆ మనిషి బతకడు. ప్రతిఫలంగా రోగాలు రావు, ఆయుష్షు రెట్టింపు అవుతుంది. ఇంకో సంగతి, తన ఇనా ఆజ్ఞాపిస్తే సింబయాంట్ కాదనలేడు. ఒళ్ళు వినదు. పుస్తకంలో దీని పేరు సింబయాసిస్. మన జీవశాస్త్రం పుస్తకాల్లో సహజీవనం.

తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి మాటల దగ్గర ఆగిపోతాను, క్షమించాలి. సహజీవనం పక్క పేజీలోనే ఇంకో మాట ఉండేది, పరాన్నజీవి. పరుల అన్నం మీద బతికేది. మా తొమ్మిదో తరగతి పుస్తకంలో రెండింటికీ బొమ్మలు పక్కపక్కనే వేశారు. ఈ రెండు మాటల్లో ఏది వాడాలో ఎవరు నిర్ణయిస్తారు? నవలలో నిర్ణయించేది షోరి. కథ మొత్తం ఆమె గొంతులో ఉంటుంది, నేను, నేను అంటూ. తాగే నోరు మాట్లాడుతుంది. తాగబడే మెడ గురించి మనకు తెలిసేది ఆ నోటి ద్వారానే. 'కిండ్రెడ్'లో బట్లర్ యజమానిని బానిస కంటితో చూపించింది. ఇక్కడ యజమాని లోపలికి మనల్ని పంపింది. ఆ లోపల వెచ్చగా ఉంటుంది. ప్రేమ ఉంటుంది, బాధ్యత ఉంటుంది, నా వాళ్ళు ఆకలితో ఉన్నారే అనే ఆదుర్దా ఉంటుంది. ఏ దొర లోపలైనా బహుశా అలాగే ఉండి ఉంటుంది.

పన్నిద్దరు ఆయగాళ్ళు అనే మాటను మన పాఠ్యపుస్తకాలు ఎంత ముద్దుగా చెప్తాయో చూడండి. కమ్మరి నాగలి చేస్తాడు, కుమ్మరి కుండ చేస్తాడు, మాదిగ మోట తొండమూ చెప్పులూ కుడతాడు, పంట వచ్చాక రైతు అందరికీ మేర కొలుస్తాడు. ఒకరికొకరు. స్వయం సమృద్ధ గ్రామం. ఆ కల్లంలో మేర తీసుకునేవాడు ఎంత దూరంలో నిలబడాలో ఆ పాఠంలో ఉండదు. చచ్చిన గొడ్డును ఎత్తడం కూడా ఆ పరస్పరంలో భాగమేనని ఉండదు. ఆ పని చేయను అంటే మరుసటి రోజు ఊరి బావి దగ్గరా, మేత బీడు దగ్గరా ఏం జరుగుతుందో అస్సలు ఉండదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఊరిని పొగిడేవాళ్ళ మొహం మీద చెప్పిన జవాబు ఉండగా, మనం ఇంకా ఈ పాఠానికి మార్కులు వేస్తున్నాం.

మా గుంపులో ఒక కుర్రాడు, మంచి చదువరి, ఇలా అన్నాడు: 'మేడం, సింబయాంట్లు సంతోషంగానే ఉన్నారు కదా. ఎవరూ వదిలి పోతామనడం లేదు. జోయెల్ అయితే బయట చదువుకుని వచ్చి మరీ తనే కావాలనుకున్నాడు.' నిజమే. ఇనాల మధ్య పెరిగిన నల్లజాతి యువకుడు జోయెల్ ఇష్టపడే షోరి దగ్గరికి వస్తాడు. బట్లర్ తెలివి అక్కడే ఉంది, మనం వేసుకోగల సులువైన దారులన్నీ మూసేస్తుంది.

మా తాత నల్గొండ వైపు ఒక దొర దగ్గర పెండ్లి అప్పు కింద పందొమ్మిదేళ్ళు జీతం ఉన్నాడు. 1976లో వెట్టి రద్దు చట్టం వచ్చింది, ఆయన బయటికి వచ్చింది ఇంకా నాలుగేళ్ళకు. వచ్చిన తర్వాత కూడా చాలా రోజులు తెల్లవారుజామున లేచి గడి వైపు నడిచేవాడట. నాయినమ్మ చెయ్యి పట్టి వెనక్కి తెచ్చేది. నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఒకసారి గట్టిగా అడిగాను, నీకు కోపం రాలేదా అని. 'దొర మంచోడు బిడ్డా. కొట్టిండు గాని అన్నం పెట్టిండు' అన్నాడు. ఆ కుర్రాడి లెక్క ప్రకారం మా తాతది సహజీవనం.

నవలలో సీలియా, బ్రూక్ అని ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ఇనాలు మంటల్లో చచ్చిపోతారు. కొత్త ఇనా దొరకకపోతే వీళ్ళూ చస్తారు. షోరి వాళ్ళను తీసుకుంటుంది. ఆ మార్పిడి మొదట్లో వాళ్ళ ఒళ్ళుకు రోతగా, నొప్పిగా ఉంటుంది. పోయిన మనిషి కోసం ఏడుస్తూనే కొత్త నోటికి ఒళ్ళు ఇవ్వాలి. ఆ పేజీలు ఎంత బాగా రాసిందంటే, అంత బాగా రాసినందుకే నాకు కోపం వచ్చింది. ఎందుకంటే చదివేటప్పుడు నాకు కలిగిన భావం ఊరట. అమ్మయ్య, షోరి ఉంది, వీళ్ళు బతుకుతారు అని. గడి ముందు నిలబడ్డ మా తాతను చూసి అమ్మయ్య, దొర ఉన్నాడు అనుకున్నట్టు.

తాత మాట సాక్ష్యం అవుతుందా? అవుతుంది, ఆకలి ఎంత పెద్దదో చెప్పే సాక్ష్యం. దొర మంచితనానికి కాదు. విషం ఎక్కిన ఒంటిని హాయిగా ఉందా అని అడిగితే హాయిగానే ఉందంటుంది. మా ఊళ్ళో ఆ విషం పేరు నాగు, అప్పు, ఇంకో చోట పని దొరకకపోవడం. కాబట్టి 'వాళ్ళే వదలడం లేదు' అనే వాదన నా ముందు పెట్టకండి. వదిలితే చచ్చిపోయే ఏర్పాటు చేసి, వదలడం లేదు చూడండి అనడం తాగేవాళ్ళ వాదన. నవలలో రైట్ అనే తెల్ల కుర్రాడికి షోరి వెళ్ళిపోయే అవకాశం ఇస్తుంది. ఎప్పుడు? కరిచిన తర్వాత. రుచి తెలిసిన తర్వాత.

బట్లర్‌కు ఇది తెలియదని నేను అనను. కాలేజీ రోజుల్లో నల్లజాతి ఉద్యమంలో ఉన్న ఒక సహవిద్యార్థి, మనల్ని వెనక్కి లాగింది ఈ ముసలివాళ్ళే, చంపేయాలి అన్నట్టు మాట్లాడితే, ఆమెకు తన తల్లి గుర్తొచ్చింది. ఆ తల్లి తలవంచి ఉండకపోతే తనకు తిండి లేదు, గూడు లేదు. 'కిండ్రెడ్' పుట్టింది అక్కడే. లొంగినవాళ్ళను చిన్నచూపు చూడకూడదని ఆమె నేర్పింది. నేను తాతను ఆ తర్వాత ఎప్పుడూ కోపం రాలేదా అని అడగలేదు. కానీ లొంగినవాళ్ళను గౌరవించడం ఒకటి, లొంగుబాటును అందంగా చూపించడం ఇంకొకటి. 'ఫ్లెడ్జ్‌లింగ్' ఈ రెండింటి మధ్య గీతను చాలా చోట్ల కాలితో చెరిపేస్తుంది.

ఇంకొకటి. ఇది చెప్పకుండా పుస్తకాన్ని పిల్లల చేతికి ఇవ్వను. షోరి చూడ్డానికి చిన్నపిల్ల. ఇరవై మూడేళ్ళ రైట్‌కూ ఆమెకూ మధ్య శరీర సంబంధాన్ని నవల మొదట్లోనే పెట్టింది. 53 ఏళ్ళు కదా, ఇనాల లెక్క వేరు కదా, ఇక్కడ బలం ఆమెదే కదా, రచయిత్రి పాఠకుడి ఇబ్బందిని కావాలనే రేపుతోంది కదా అని వాదించే విమర్శకులు ఉన్నారు. వాళ్ళను చదివాను. నాకు ఎక్కలేదు. పిల్లను పిల్ల కాదని చెప్పడానికి కారణాలు కనిపెట్టడం మన సమాజానికి కొత్త కాదు. మా వైపు జోగిని అన్నారు, చిత్తూరు వైపు మాతమ్మ అన్నారు. అమ్మవారికి ఇచ్చేశాం, ఇది మామూలు పిల్ల కాదు, దేవత అన్నారు. 1988లో చట్టం వచ్చింది, ఆ తర్వాత కూడా అన్నారు. ఆ పిల్లలు మన వాడల పిల్లలు. కాబట్టి రూపకం అనే మాట ఎంత పెద్దదైనా, ఆ పేజీలను నేను సమర్థించను. చదివేటప్పుడు దాటేశాను, మా గుంపుకూ దాటేయమనే చెప్పాను. దాటేసినా కథ ఎక్కడా తెగలేదు. మరి అవి ఎందుకున్నాయో మీరే ఆలోచించండి.

అసలు సంగతికి వస్తాను. విచారణ జరుగుతుండగా థియోడోరా అనే సింబయాంట్‌ను చంపేస్తారు. ఒంటరి బతుకు బతికి, షోరి దగ్గర సంతోషపడిన పెద్ద వయసు ఆడమనిషి. చంపించింది క్యాథరిన్ డాల్మన్ అనే ఇనా, ఆమె కూడా తన సింబయాంట్ చేతనే చంపించింది. శిక్ష ఏమిటో తెలుసా? కాళ్ళు నరకడం. ఇనాలకు కాళ్ళు మళ్ళీ మొలుస్తాయి. మనిషి ప్రాణానికి కొన్నేళ్ళ కాళ్ళు. ఆ శిక్షను కూడా అవమానంగా భావించి క్యాథరిన్ షోరి మీద దూకి చస్తుంది, అది వేరే సంగతి. షోరి ఈ శిక్షకు మండిపడుతుంది, కానీ మనుషులెవరూ ఆ న్యాయస్థానంలో కుర్చీ వేసుకుని కూర్చోరేం అని ఒక్కసారి కూడా అడగదు. పదమూడు కుర్చీలూ ఇనాలవే. నేను గొంతు పట్టుకుపోయి చదివిన ఆ కోర్టు, థియోడోరాకు సంబంధించినంతవరకు, ఊరి పెద్దల పంచాయితీ.

శ్రేణీకృత అసమానత అని అంబేడ్కర్ పేరు పెట్టింది దీనికే. షోరి మీద సిల్క్‌లు, షోరి కింద థియోడోరా. నల్లచర్మం కారణంగా ఇల్లూ వాకిలీ కాలిపోయిన షోరి, మనుషుల రక్తం మీద బతుకుతున్న షోరి, ఒకే షోరి. నవల మొదటి సగాన్ని పట్టుకుని మనం ఆమె పక్షాన నిలబడతాం. రెండో సగం గురించి మాట్లాడితే ద్రోహం అంటాం. 'అవతలి వాళ్ళకు కర్ర ఇచ్చినట్టు' అన్న మిత్రులకు నా జవాబు ఇదే: ఆ కర్ర మన వీపు మీదే ఎన్నేళ్ళ నుంచో ఉంది.

పీహెచ్‌డీ రోజుల్లో నాకు ఒక పెద్దాయన తెలుసు. పేరు రాయను. మనవాడే. దెబ్బలు తిన్నాడు, జైలుకు పోయాడు, అందులో అబద్ధం ఏమీ లేదు. మాట్లాడితే ఒళ్ళు జలదరించేది, ఇప్పటికీ ఆ ఉపన్యాసాలు నాకు గుర్తే. ఆయన చుట్టూ ఎప్పుడూ ఆరేడుగురు విద్యార్థులు ఉండేవాళ్ళు. ఒకడు ఆయన వ్యాసాలు టైపు చేసేవాడు. ఒకడి ఫెలోషిప్‌లోంచి ఆయన ప్రయాణాలు నడిచేవి. ఇద్దరు ఆడపిల్లలు వంట చేసేవాళ్ళు. ఊళ్ళు తిరిగి ఇంటర్వ్యూలు తెచ్చింది పిల్లలు, పుస్తకం మీద పేరు ఆయనది ఒక్కటే. ఒకామె అడిగింది, మా పేర్లు లోపల పేజీలో అయినా వేయరా సార్ అని. 'ఉద్యమం కుటుంబం తల్లీ, కుటుంబంలో లెక్కలుంటాయా' అన్నాడు. అడిగినామె నాలుగేళ్ళ తర్వాత థీసిస్ వదిలేసి ప్రైవేటు స్కూల్లో చేరింది. మిగతావాళ్ళు నిజంగానే సంతోషంగా ఉన్నారు. ఆయన దగ్గర ఉండటం ఎంత గొప్పో ఇప్పటికీ చెప్తారు. ఆయన ఫోన్ చేయని వారం వాళ్ళ మొహాలు ఎలా ఉండేవో నేను చూశాను.

గాయపడ్డవాడు గాయం చూపించి బిల్లు మాఫీ చేయించుకోవడం మన దగ్గర ఆచారమైంది. అడిగితే, బ్రాహ్మణవాదులు నవ్వుతారు, ఊరుకో అంటారు. వాళ్ళు ఎలాగూ నవ్వుతారు. వంట చేసిన పిల్ల చదువు ఏమైందో ఎవరు చెప్తారు? పై మెట్టు వాడి కాలు నా నెత్తిన ఉందని అరుస్తూ, నా కాలు ఎక్కడుందో చూసుకోకపోవడం కుల వ్యవస్థకు బాగా పనికొచ్చే పద్ధతి. ఉపవర్గీకరణ మీద 2024లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు మనవాళ్ళు ఒకరి గురించి ఒకరు ఏం మాట్లాడారో నాకు గుర్తుంది, మీకూ గుర్తుంది. దాని మీద వేరే భాగం రాస్తాను. తిట్లు అప్పటికి దాచుకోండి.

'మరి చదవాలా వద్దా మేడం, తేల్చండి' అని ఒకమ్మాయి విసుక్కుంది. చదవాలి. పీడితుల మీద జాలి పుట్టించే పుస్తకాలు బోలెడు ఉన్నాయి. పీడితురాలి నోట్లో రక్తం రుచి పెట్టి, ఆ రుచి నీకూ నచ్చింది కదా అని పాఠకుణ్ణి పట్టుకునే పుస్తకం నేను ఇంకొకటి చదవలేదు. బట్లర్ నన్ను అలా పట్టుకుంది. అందుకు ఆమెను మెచ్చుకుంటాను. పట్టుకున్నాక జవాబు చెప్పకుండా, సహజీవనం అనే మెత్తటి మాట మీద పడుకోబెట్టి పోయింది. అందుకు మెచ్చుకోను. ఈ రెండూ నాలో కొట్టుకుంటూనే ఉన్నాయి, మీ కోసం వాటికి రాజీ కుదర్చలేను.

వచ్చే ఆదివారం చర్చను విచారణ దగ్గర కాకుండా గుహ దగ్గర మొదలుపెడదాం. షోరి మొదటి పేజీల్లో చంపి తిన్నది జంతువును అనుకుంటుంది. చాలా తర్వాత తెలుస్తుంది, అది మనిషి. ఆమె కుటుంబానికి చెందిన సింబయాంటే, మంటల్లోంచి తప్పించుకుందేమోనని ఆమెను వెతుక్కుంటూ వచ్చినవాడు. పేరు హ్యూ టాంగ్. అందరూ అతని గురించి ఒక పేజీ రాసుకుని రండి. అతని గొంతులో, నేను, నేను అంటూ రాయాలి. పుస్తకం కాపీలు మూడే ఉన్నాయి, గొడవ పడకుండా మార్చుకోండి. కక్క కూడా తెచ్చుకోండి.

జై భీమ్.